అరచేయంత గుర్తు

గైడు గుమ్మంలో అడుగు పెడుతూనే కొక్కేనికి వేలాడుతున్న రెయిన్‌కోటుకి నమస్కారం పెట్టాడు.

"నమస్తే అంకుల్. బాగున్నారా?"

కోటు పలకలేదు. జవాబు పక్క గదిలోంచి, ఇంటాయన కూతురి గొంతుతో వచ్చింది.

"నాన్న పొయ్యి దగ్గరున్నాడు. అది ఆయన కోటు. నువ్వు అడిగావని దానికి చెప్తాలే, గైడు గారూ."

వెనకాల బూట్లు విప్పుకుంటున్న ముగ్గురు ట్రెక్కర్లూ పకపకా నవ్వారు. గైడు కూడా నవ్వాడు. "ఎండలోంచి ఒక్కసారి నీడలోకి వచ్చాను కదా, కళ్ళు చెదిరాయి," అన్నాడు. నవ్వనిది ఆమె ఒక్కతే. చేతిలోని తువ్వాళ్ళు బెంచీ మీద పెట్టి, "ఆరు నెలలకి మా ఇంటి దారి కనబడిందన్నమాట," అంది.

"సీజన్ కాదు కదా. దారంతా మంచు."

"మంచు ఫోన్‌లో కూడా పడుతుందా?"

కొత్తగా పెళ్ళయిన జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిటైరైన టీచరమ్మ, జాగ్రఫీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నావిడ, తన చేతికర్ర మూలన ఆనించి, "గదులు ఎటువైపమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ క్షణంలో గైడుకి పెద్ద ఉపకారం.

ఆ ఇల్లు కొండదారిలో మొదటి మజిలీ. పొద్దున రోడ్డు దగ్గర బస్సు దిగి నడక మొదలుపెడితే ఎండ వాలేవేళకి కింది ఊరు చేరతారు. అక్కడ ఈ గెస్ట్‌హౌస్. ఆరు గదులు, మధ్యలో పెద్ద పొయ్యి, దాని చుట్టూ బూట్లు ఆరబెట్టుకునే చెక్క అరలు. మర్నాడు కనుమ దాటి పై ఊళ్ళో ఇంకో గెస్ట్‌హౌస్‌లో బస. మూడోరోజు అదే దారిన వెనక్కి. కింది గెస్ట్‌హౌస్ పేరుకి తండ్రిది. రిజిస్టర్ రాసేదీ, గదులు పంచేదీ, దుప్పట్ల కోసం పోట్లాడుకునేవాళ్ళని విడదీసేదీ కూతురే కాబట్టి వచ్చినవాళ్ళంతా ఆమెని మేనేజరమ్మ అంటారు.

గైడు ఆ ఇంటికి నాలుగేళ్ళుగా వస్తున్నాడు. మొదటి ఏడాది ఇంటాయన్ని "సార్" అన్నాడు. రెండో ఏడాది "అంకుల్" అన్నాడు. మూడో ఏడాది ఒక సాయంత్రం సూపు గిన్నె అందుకుంటూ, నోరు జారినట్టుగా, "మావయ్యా" అన్నాడు. ఇంటాయన చేతిలో గరిటె ఆగింది. కూతురు రిజిస్టర్‌లో తల దూర్చింది. ఆ పిలుపు అలాగే ఖాయమైపోయింది. పోయిన సీజన్ చివర్లో మాత్రం, ఎవరో మెట్లు చూపించినట్టు, మళ్ళీ "అంకుల్"కి దిగిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

టీచరమ్మా జంటా గదుల్లోకి వెళ్ళాక ఆమె మళ్ళీ వచ్చింది.

"ఏం తప్పు చేశానో చెప్పు. చెప్పి వెళ్ళు."

"నువ్వేం చేయలేదు."

"కిటికీతో కాదు, నాతో మాట్లాడు. ఏడాదిగా చూస్తున్నాను, మొహం చూసి ఒక్క మాట చెప్పవు. అటెటో చూస్తూ చెప్తావు. నేను అంత చూడలేనట్టుగా ఉన్నానా?"

అంటూనే అతని చూపుకి అడ్డంగా వచ్చి నిలబడింది. నిలబడగానే ఆమె మొహం మాయమైంది.

అతని అసలు సంగతి అదే. పోయిన సీజన్ చివర్లో కళ్ళ డాక్టర్ ఒక అద్దంలోంచి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని చెప్పాడు. "నడిమి చూపు పోతోంది. ఎక్కడ సూటిగా చూస్తే అక్కడే మరక. దీనికి మందు లేదు. పూర్తిగా చీకటి కాదు, అంచుల చూపు మిగులుతుంది. నడవగలవు. కానీ అక్షరాలు, మొహాలు కష్టం. కొండల మీద మనుషుల్ని నడిపించే ఉద్యోగం మాత్రం మానెయ్." అంతకుముందు కొన్ని నెలల్లోనే అతను కోడిలాగా పక్క చూపు చూడడం నేర్చుకున్నాడు. ఆమెని చూడాలంటే ఆమె పక్కనున్న కిటికీని చూడాలి. కిటికీని చూస్తే ఆమె కనబడుతుంది. ఆమెని చూస్తే బూడిద మరక కనబడుతుంది. ఇది ఏ అమ్మాయికి ఎలా చెప్తారు?

"బాగానే ఉన్నావు," అన్నాడు ఆ మరకతో.

"చాలా థాంక్స్," అని ఆమె వెళ్ళిపోయింది.

ఉద్యోగం మానమని డాక్టర్ చెప్పినా అతను మానలేదు. అది తప్పని తెలుసు. కానీ ఈ సీజన్ మొదటి నడకలోనే ఓ వింత జరిగింది. రెండు ఊళ్ళ మధ్య దారి పొడుగునా రాళ్ళ మీద తెల్ల పెయింటు గుర్తులుంటాయి, మొత్తం నూట నాలుగు. సుమారు వంద అడుగులకొకటి. కింది ఊరినుంచి కనుమదాకా వాటికి రంగు వేయడం ఈ గెస్ట్‌హౌస్ వంతు, అవతల సగం పై ఊరి వంతు. పోయిన సీజన్ చివర్లో అతను ఒక గుర్తు దాటాక తర్వాతది కనబడాలంటే ఎనభై అడుగులు వేయాల్సి వచ్చేది. ఈ సీజన్ మొదట్లో అరవైకే కనబడింది. రెండో నడకలో యాభై అయిదు. డాక్టర్లు దేవుళ్ళు కారు కదా అనుకున్నాడు. ఆ రెండుసార్లూ మాత్రం గుంపుని కింది ఊళ్ళో వేరే ఇంట్లో దించి, ఈ గుమ్మం తప్పించుకున్నాడు. మనసులో ఒక పందెం కట్టుకున్నాడు. ఈసారి నడకలో కనుమదాకా సగటున యాభైకి తగ్గితే ఆమెతో ఇన్నాళ్ళూ దాచుకున్న పెళ్ళి మాట చెప్పేస్తాడు. తగ్గకపోతే ఇదే ఆఖరి నడక. ఆమెకి ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోతాడు.

కోటుకి పెట్టిన నమస్కారాన్ని మాత్రం ఆ పందెంలోకి రానివ్వలేదు. ఆశ పుట్టినవాడికి లెక్కలన్నీ తనవైపే తేలతాయి.

భోజనాల దగ్గర ఇంటాయన సణుగుడు మొదలుపెట్టాడు. చిన్న మనిషి, పెద్ద మీసం.

"గోడలు చూశారా టీచరమ్మా? పొగచూరి కాకి రంగుకి వచ్చాయి. ఈ ఏడాది తెల్ల పెయింటు తొమ్మిది డబ్బాలు తెప్పించాను. తొమ్మిది. ఏ గోడకైనా ఒక్క చుక్క అంటిందేమో చూపించండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?"

"తడికి ఊడిపోయింది నాన్నా," అంది కూతురు రొట్టె కోస్తూ.

"తొమ్మిది డబ్బాలూ ఊడిపోయాయట. విన్నావా గైడూ?"

"విన్నాను అంకుల్."

"వింటే సరే," అని ఆయన అతని గిన్నెలో ఇంకో గరిటె సూపు పోశాడు.

కొత్త పెళ్ళికూతురు ఆమె చేతులవైపు చూసి ముచ్చటపడింది. "నెయిల్ పాలిష్ తెల్లది బావుందండీ. ఎక్కడ కొన్నారు?"

"పాలిష్ కాదండీ, పెయింటు. గోళ్ళలోంచి పోవడం లేదు."

"మీరు నాకు తెచ్చినవన్నీ ఎరుపే," అని పెళ్ళికూతురు భర్త మీద పడింది. అతను బ్యాంకు ఉద్యోగి. ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు. "నువ్వే కదా ఎరుపు అన్నావు," అని గొంతు సవరించుకుని మళ్ళీ, "తెలుపు కూడా తెస్తానులే," అన్నాడు.

గైడు నవ్వుతూ సూపు తాగాడు. అందులో ఉప్పు లేదు. మిగతావాళ్ళ గిన్నెల్లో ఆమె విడిగా వేసినట్టుంది, వాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు.

*

మర్నాడు పొద్దున ఆమె వీపుకి పెద్ద మూట కట్టుకుని వాళ్ళకి ముందే వాకిట్లో నిలబడి ఉంది.

"పై ఊళ్ళో అత్త దగ్గరికి. ఉతికిన దుప్పట్లు ఇచ్చి రావాలి," అంది కిటికీకి చెప్పినట్టు. "తోకగా నడుస్తాను. మీకేం అభ్యంతరం లేదు కదా గైడు గారూ?"

గుంపులో ఆఖరున నడిచేవాళ్ళని తోక అంటారు. దారి తెలిసిన మనిషి ముందొకరు, వెనకొకరు ఉండాలన్నది నియమం. అభ్యంతరం ఎలా చెప్తాడు? మెడలో విజిల్ సర్దుకుని నడక మొదలుపెట్టాడు.

నలభై ఆరు. యాభై ఒకటి. నలభై తొమ్మిది. ప్రతి గుర్తుకీ మనసులో రాసుకుంటున్నాడు. వెనక కొత్త జంట కబుర్లు.

"నేను కాలు జారి పడిపోతే ఏం చేస్తారు?"

"ముందు గైడ్‌కి చెప్తాను."

"ముందు నన్ను పట్టుకుంటానని అనరా?"

"పట్టుకుంటే ఇద్దరం పడతాం కదా. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"టీచరమ్మా, విన్నారా ఈయన ప్రేమ?"

"విన్నానమ్మా. తెలివైనవాడే," అంది టీచరమ్మ. "మా ఆయనైతే నాకంటే ముందే పడేవాడు, తోడుగా ఉంటుందని."

నలభై ఏడు. నలభై నాలుగు. గైడుకి గుండెలో ఏదో లేత ఆకు విచ్చుకుంటున్నట్టుంది. రెండేళ్ళ కిందట ఇదే దారిలో ఆమెకి గుర్తులు వేయడం నేర్పింది తనే. "గుర్తు అరచేయంతే ఉండాలి. రాతి మీద అరచెయ్యి పరిచి, దాని చుట్టూ గీత గీసి, లోపల నింపాలి. అంతకంటే పెద్దదైతే కొండకి దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుంటుంది," అన్నాడు. ఆమె చెయ్యి చిన్నది. "నా చేతితో వేస్తే గుర్తు సరిపోదు, నీ చెయ్యి పెట్టు," అంది. మొదటి పది గుర్తులూ అతని చేతి చుట్టూనే గీసింది. బ్రష్ వేళ్ళ సందుల్లో తిరుగుతుంటే చక్కిలిగింత. కదిలితే గీత పోతుందని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. ఆ పూట ఇద్దరి మధ్యా ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండానే అన్నీ జరిగిపోయాయి.

వాన ముందుగా టీచరమ్మ టోపీ మీద రెండు చినుకులు వేసి అనుమతి అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపినట్టుంది, దాంతో కోపం వచ్చి అందరి మీదా ఒక్కసారిగా పడింది. కనుమకి ఇంకా పది గుర్తుల దూరం ఉంది. దారి సన్నబడి, ఒకవైపు రాతిగోడ, ఒకవైపు లోయ. బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు, ఏదో చెప్పబోయాడు, చెప్పకుండానే కాలు జారాడు.

గైడు చటుక్కున వెనక్కి తిరిగి ఒక చేత్తో అతని కాలరు పట్టుకున్నాడు, రెండో చెయ్యి ఆసరా కోసం రాతిగోడకి వేశాడు. కాలరు నిలిచింది. మనిషి నిలిచాడు. పెళ్ళికూతురు భర్తని వాటేసుకుని, "పట్టుకుంటే ఇద్దరం పడతామన్నారుగా," అని ఏడుస్తూ నవ్వింది.

గైడు చెయ్యి మాత్రం గోడమీదే ఉండిపోయింది.

అరచేతి కింద నున్నగా ఉంది. పెయింటు. గుర్తు మీద పడిందన్నమాట చెయ్యి. అలవాటుగా వేళ్ళు విప్పాడు, అంచు తగులుతుందని. తగల్లేదు. వేళ్ళు చాపాడు. ఇంకా నున్నగానే ఉంది. చెయ్యి మెల్లగా జరిపాడు. ఒక అరచెయ్యి, దాని పక్కన ఇంకో అరచెయ్యి, ఆ తర్వాత ఇంకా సగం. అప్పుడు తగిలింది గరుకు రాయి. కిందికి కూడా అంతే. ఒక గుర్తు కనబడ్డాక దాన్ని ఆగి చూసే గైడు ఉండడు, తర్వాతదాని కోసం చూస్తాడు. అందుకే మూడు నడకల్లో ఒక్కసారీ తెలియలేదు.

తర్వాత గుర్తుదాకా నడిచాడు. అడుగులు లెక్కపెట్టలేదు. చెయ్యి పెట్టాడు. రెండు అరచేతులు. ఆ తర్వాతది మూడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దలు అన్నారు. అతని కళ్ళు బాగుపడలేదు. గుర్తులు పెద్దవయ్యాయి. అంత పెద్ద మచ్చని చూడటానికి కూడా నలభై నాలుగు అడుగులు పట్టిందంటే, అసలు గుర్తయితే ఎన్ని పట్టేవి? మచ్చ మీదికి ఎక్కాకగానీ కనబడేది కాదేమో. అలాంటి కళ్ళతో ముగ్గురు మనుషుల్ని లోయ అంచుమీద నడిపిస్తున్నాడు. కాలరు చేతికి దొరికింది వాళ్ళ అదృష్టం.

వానలో అందరూ అతని కోసం ఆగారు. అతను మెడలోంచి విజిల్ తీశాడు.

"మేనేజరమ్మ ముందుకి రావాలి," అన్నాడు. "ఇక్కడినుంచి ఆమె నడిపిస్తుంది. నేను తోకగా వస్తాను."

"ఏమైంది నాయనా, కాలు బెణికిందా?" అంది టీచరమ్మ.

"కాదండీ. నాకు కళ్ళు సరిగ్గా కనబడవు. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

ఆమె ముందుకి వచ్చింది. అతని చేతిలోని విజిల్‌నీ, రాతిమీద వానకి మెరుస్తున్న తెల్లటి మచ్చనీ చూసింది. ఆమె మొహం ఎలా మారిందో అతనికి కనబడలేదు. విజిల్ తీసుకున్న చెయ్యి చల్లగా ఉందని మాత్రం తెలిసింది. టీచరమ్మ నడుస్తూ నడుస్తూ వెనకబడి, తనకి కాళ్ళు నొప్పులన్నట్టుగా అతని పక్కకి చేరింది. తన చేతికర్ర అతని చేతిలో పెట్టి, "కాసేపు మొయ్యి బాబూ, బరువుగా ఉంది," అంది. అది వెదురు కర్ర. దానికి బరువు లేదు.

*

పై ఊరి గెస్ట్‌హౌస్ చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆమె మేనత్త అందరి బూట్లలో పాత పేపర్లు కుక్కి, తడి కోట్లు ఆరేసి, వసారాలో బెంచీమీద రెండు టీ కప్పులు పెట్టి, ఒక్క ప్రశ్న అడగకుండా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కొందరికి అడగకపోవడం అనే విద్య పుట్టుకతో వస్తుంది.

ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"పోయిన సీజన్‌లో నువ్వు కోటుకి రెండోసారి నమస్కారం పెట్టినప్పుడు. మొదటిసారి జోకనుకున్నాను. ఒకే జోకు రెండుసార్లు వేసే మనిషివి కాదు."

"మరి అడగలేదేం?"

"ఫోన్ ఎత్తితేగా. నిన్న గుచ్చి గుచ్చి అడిగింది నీ నోటితో చెప్తావనే."

అతను టీ కప్పు కోసం చెయ్యి చాపాడు. వేళ్ళు బెంచీ చెక్కని తడిమాయి. ఆమె కప్పు జరపలేదు. అతనే వెతుక్కున్నాడు.

"ఎన్ని రోజులు వేశావు?"

"మంచు కరగ్గానే మొదలుపెట్టాను. అన్నీ కలిపి పదకొండు రోజులు, నీ ఒక్కో నడకకీ ఇంకొంచెం పెద్దవి చేస్తూ. అవతల సగం కూడా నేనే వేశాను, అత్తకి మోకాళ్ళ నొప్పులు కదా. రెండేసి పూతలు. ఒక పూత వానకి ఆగదు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? నువ్వు లోయలో పడకుండా."

"నన్ను మోసం చేశావు."

ఆమె అతనివైపు తిరిగింది. "ఏమన్నావు?"

"నేను ఆ గుర్తులతో కళ్ళు కొలుచుకుంటున్నాను. ఎనభై అడుగులు, అరవై అయ్యాయి, యాభై అయ్యాయి. బాగుపడుతున్నానని అనుకున్నాను. ఇవాళ యాభైకి తగ్గితే నీతో ఒక మాట చెప్పాలని పందెం కట్టుకున్నాను."

ఆమె తన కప్పు కింద పెట్టేసింది.

"ఎంతకి తగ్గింది?" అంది.

"నలభై ఏడు. సగటున."

"అయితే చెప్పు."

"ఏం చెప్పను? నలభై ఏడు నా కళ్ళవి కాదు. నీ బ్రష్‌వి."

"నాకేం తెలుసు, నువ్వు వాటిమీద పందేలు కట్టుకుంటావని? దారి కనబడాలని వేశాను. లేని ఆశ పెట్టాలని కాదు." మోచేత్తో మొహం తుడుచుకుంది. "వేసినన్ని రోజులూ ఏడుస్తూనే వేశాను. కొన్ని వంకరగా వచ్చాయి. రేపు వెళ్ళేటప్పుడు చూడు. సరేలే, చూడలేవుగా."

అతనికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎక్కడో దారి తప్పి ఏడుపు అయింది. కప్పు బెంచీమీద పెట్టేశాడు.

"కిటికీని ఎందుకు చూస్తానో తెలుసా?" అన్నాడు. "నిన్ను సూటిగా చూస్తే నువ్వుండవు. మరక ఉంటుంది. పక్కకి చూస్తే ఉంటావు. ఏడాదిగా నిన్ను చూడాలనిపించినప్పుడల్లా ఆ కిటికీని చూశాను. నీకు కోపం వచ్చినప్పుడల్లా నువ్వు అడ్డంగా వచ్చి నిలబడ్డావు. వచ్చి నిలబడినప్పుడల్లా పోయావు."

అతను చూరునీటి కింద చెయ్యి చాపాడు.

"రెండేళ్ళకో మూడేళ్ళకో పక్కన కూడా సరిగ్గా కనబడవు. డాక్టర్ ఆ మాట అనలేదు, నాకు తెలుసు. నాకు కొండ తప్ప ఏ పనీ రాదు. ఇప్పుడు అదీ లేదు. నిన్ను ఏ మొహంతో అడగను?"

"నేను దేవతని కాను," అంది ఆమె. "భయంగానే ఉంది. నాకూ కోపం వస్తుంది, విసుగొస్తుంది. ఉప్పు వేయడం మానేస్తాను. రేపెలా ఉంటుందో నాకేం తెలుసు? నువ్వు ఫోన్ ఎత్తని ఆరు నెలలు ఎలా ఉంటాయో అది మాత్రం బాగా తెలుసు."

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దు. నామీద జాలితో..."

"జాలి అయితే కర్ర కొనిచ్చేదాన్ని. చవక," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేయబోయి, లోపల టీచరమ్మ కునుకు తీస్తోందని గుర్తొచ్చి మెల్లగా వేసింది.

అతను చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. లోపల పెళ్ళికూతురు భర్తతో గుసగుసగా అంటోంది, "పాపమండీ." బ్యాంకాయన గొంతు సవరించుకుని, "నా కాలరు పట్టుకున్నది ఆ మనిషేనే," అన్నాడు. ఆ మాటకి గైడు కొంచెం తల వంచాడు. ఓదార్పు కాదు గానీ, పట్టుకోవడానికి ఓ కాలరు లాంటిది.

*

మూడోరోజు ఆమె ముందు, అతను వెనక. వాన వెలిసింది. కొండంతా కడిగిన పళ్ళెంలా ఉందని టీచరమ్మ చెప్పింది. గైడు ప్రతి గుర్తు దగ్గరా ఆగి చెయ్యి పెట్టాడు. నూట నాలుగింటికీ. ఇక రాననుకున్న దారి కదా, మొహం చూసి వీడ్కోలు చెప్పలేనివాడు చేత్తోనే చెప్పాలి. కొన్ని నిజంగానే వంకరగా ఉన్నాయి. ఒకచోట పెయింటు ధారగా కారి ఎండిపోయింది. అక్కడ బ్రష్ పట్టుకున్న మనిషి చాలాసేపు కదలకుండా నిలబడి ఉండాలి. ఆ ధార వెంట వేలితో కిందిదాకా వెళ్ళాడు.

కింది గెస్ట్‌హౌస్ చేరగానే తన ట్రెక్కింగ్ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "ఇక రాను సార్. కళ్ళు. అవును, ముందే చెప్పాల్సింది." అవతల మేనేజర్ చాలా కోప్పడ్డాడు. కోప్పడ్డాక, జాగ్రత్త అన్నాడు. నాలుగేళ్ళ కొండ రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వెళ్ళాడు. ఇంటాయన బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు.

"వెళ్ళొస్తాను అంకుల్."

"ఇవాళ కోటుకి కాకుండా నాకే చెప్పావు. కూర్చో."

కూర్చున్నాడు. ఇంటాయన ఒక కత్తీ ఒక దుంపా అతని చేతిలో పెట్టాడు. ఇద్దరూ తొక్క తీశారు.

"అమ్మాయి వస్తూనే అంతా చెప్పింది," అన్నాడు ఇంటాయన. "నాకిష్టం లేదు."

"నాకు తెలుసండీ. నేనూ అదే..."

"పూర్తిగా చెప్పనీ. వాళ్ళమ్మ మూడేళ్ళు మంచంలో ఉంది. మనిషిని చూసుకోవడమంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. నడుం విరుగుతుంది. విసుగొస్తుంది. విసుక్కున్నందుకు పెరట్లోకి వెళ్ళి ఏడుపొస్తుంది. ఆ బతుకు నా పిల్లకి వద్దన్నాను. పెయింటు తెప్పించమన్న రోజే అన్నాను." దుంప నీళ్ళలో వేశాడు. "అన్నాక తొమ్మిది డబ్బాలూ కనుమదాకా మోసింది ఎవరనుకున్నావు? దాని వీపుమీద పడతాయా అవి?"

గైడు చేతిలో కత్తి ఆగింది.

"భోజనం దగ్గర అంతసేపు సణిగింది ఎందుకనుకున్నావు? నీకు వినబడాలని. కళ్ళంటే సరే, చెవులకేమొచ్చింది?"

గైడు ఇంకో దుంప అందుకున్నాడు.

"ఆ మూడేళ్ళు తీసేసి హాయిగా ఉన్న మూడేళ్ళు ఇస్తామని ఎవరైనా వస్తే," ఇంటాయన కొంచెం ఆగాడు, "ఇవ్వను. ఎందుకని అడిగితే నాకూ తెలీదు. నాకిప్పటికీ ఇష్టం లేదు. దానికి ఇష్టం. ఇంటికి ఓ మనిషి కావాలి. దుంపలకి మొహాలు చూడక్కర్లేదు, వేళ్ళు తెగకుండా చూసుకుంటే చాలు. చూడు, నాకంటే పల్చగా తీశావు తొక్క."

"అంకుల్, నేను రోజురోజుకీ..."

"ఏమిటా అంకుల్? ఎక్కిన మెట్టు దిగిపోయావు. మళ్ళీ ఎక్కడానికి ఎన్ని అడుగులు కావాలో అదికూడా కొలుచుకుంటావా?"

పొయ్యిలో కట్టె చిటపటమంది. గైడు కత్తి పక్కన పెట్టాడు.

"మావయ్యా," అన్నాడు.

"ఊఁ. ఆ రెండో బుట్ట కూడా ఇటు లాగు."

గుమ్మం దగ్గర అలికిడయింది. ఆమె. ఎంతసేపటినుంచి నిలబడిందో. అతను అలవాటుగా కిటికీవైపు చూశాడు. కిటికీ పక్కన, చూపు అంచున, ఆమె తడి జుట్టూ, విజిల్ తాడూ, ఎర్రబడ్డ ముక్కూ.

"నిన్న చెప్పాల్సిన మాట," అన్నాడు కిటికీతో.

ఆమె కూడా అలవాటుగా అతని ఎదుటికి రాబోయింది. ఒక అడుగు వేసింది. అక్కడ ఆగిపోయింది. ఆ అడుగు వెనక్కి తీసుకుని, అతను చూడని చోటికి, పక్కకి జరిగి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు," అంది.

అతను కిటికీవంకే చూస్తూ ఉండిపోయాడు. ఆమె కనబడుతూనే ఉంది.